నాలుగేళ్ళు నిండలేదు, రోజుకి రెండు పేజీలు రాయమంటున్నారు. వాడేమో లారీలు గీస్తానంటున్నాడు

కిరాణాకొట్టు కోడలు (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది తెనాలి. మావాడికి 3 ఏళ్ళ 10 నెలలు, జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. రోజూ హోంవర్కు: ఒక పేజీ క్యాపిటల్ ఎ, ఒక పేజీ అ. పెన్సిల్ చేతికివ్వగానే నీళ్ళంటాడు, బాత్రూమంటాడు, చెయ్యి నొప్పంటాడు. డైరీలో ఎర్ర పెన్నుతో "రాయడం లేదు, ఇంట్లో ప్రాక్టీసు చేయించండి" అని మూడుసార్లు వచ్చింది. నిన్న చెయ్యి పట్టుకుని రాయించబోతే పేజీ చిరిగింది, నాకు కోపం ఆగక వీపు మీద ఒకటి వేశాను, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

ఇందులో వింతేమిటంటే వాడికి గీయడమంటే ప్రాణం. మా మామయ్యగారి కొట్లో అగరబత్తి అట్టపెట్టెలు చింపుకుని వాటి వెనక లారీలు గీస్తూ గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. అప్పుడు ఏ చేతినొప్పీ ఉండదు. మా ఆయన "గీతలు మాన్పించు, రాత దానంతటదే వస్తుంది" అంటున్నారు. నిజంగా మాన్పించాలా? పెద్దవాళ్ళు, టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల నాన్న (సోమవారం, రాత్రి 11:05)

మాన్పించక్కర్లేదు గానీ రాత కూడా వదలొద్దండి. వినడానికి కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మా పాప ఎల్‌కేజీలో ఉన్నప్పుడు మేమూ "పాపం చిన్నపిల్ల" అని వదిలేశాం, యూకేజీలో మిగతావాళ్ళు మూడక్షరాల మాటలు రాస్తుంటే తను బి, డి తేడా తెలియక బిక్కమొహం వేసుకు కూర్చునేది. ఒకటో క్లాసు అడ్మిషన్‌కి వెళ్తే అక్కడ పేపరిచ్చి రాయమన్నారు. వ్యవస్థ అలా ఉంది, మన ఒక్కరి ఆదర్శం కోసం పిల్లని ఇబ్బంది పెట్టలేం. రోజూ 10 నిమిషాలు, చాక్లెట్ ఆశ చూపి అయినా సరే.

ముగ్గులపిండి (మంగళవారం, ఉదయం 5:50)

అమ్మాయీ, ముందు ఆ కొట్టడం మానెయ్యి తల్లీ. మా ఇంట్లో నలుగురు పిల్లలు, ఏడుగురు మనవలు, ఒక్కరికీ నాలుగేళ్ళ లోపు పెన్సిల్ తెలీదు. పొద్దున్నే నేను వాకిట్లో కూర్చుంటే పక్కన చతికిలబడేవాళ్ళు. ఇంత పిండి చేతిలో పోస్తే నేలంతా పాడుచేసేవాళ్ళు, పోనీలే మళ్ళీ ఊడుస్తాను. ఓ ఏడాదికి చుక్కలు కలపడం వచ్చేది. మెలికల ముగ్గులో చుక్క చుట్టూ తిప్పి తీసుకొస్తాం చూడు, ఆ తిప్పుడే కదా మన అక్షరాల్లో ఉండేది! ఇప్పుడు ఫ్లాట్లలో వాకిలెక్కడిదిలే.

చిన్నచేతులు (మంగళవారం, ఉదయం 9:15)

ముగ్గులపిండి అమ్మగారూ, మేము క్లినిక్‌లో డబ్బు తీసుకుని చెప్పేది మీరు రెండు ముక్కల్లో చెప్పేశారు :)

నేను హైదరాబాద్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రాయడం, తినడం లాంటి రోజువారీ పనులు చేసుకోవడానికి పిల్లలకి సాయం చేస్తాం. నా దగ్గరకి జూలై, ఆగస్టుల్లో వచ్చే నాలుగేళ్ళ పిల్లల్లో చాలామందిది ఇదే కథ, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

పిల్లలకి ఆకారాలు చూసి గీయడం ఒక వరసలో వస్తుంది. నిలువు గీత, అడ్డ గీత మూడేళ్ళ లోపు వచ్చేస్తాయి. గుండ్రం మూడేళ్ళ దగ్గర. కూడిక గుర్తు నాలుగు దగ్గర, చదరం నాలుగున్నర, ఇంటూ గుర్తు ఐదుకి కాస్త అటూఇటూ, త్రిభుజం ఐదు దాటాక. ఒక్కో పిల్లవాడికి కొన్ని నెలలు ముందూ వెనకా అవుతుంది గానీ వరస మాత్రం దాదాపు ఇదే. ఇప్పుడు క్యాపిటల్ ఎ చూడండి, రెండు ఏటవాలు గీతలు పైన ఒకే చోట కలవాలి. అంటే అది త్రిభుజం పని. 3 ఏళ్ళ 10 నెలల వాడికి అది మొండితనం వల్ల రాకపోవడం కాదు, వాడి కంటికీ చేతికీ మధ్య ఆ దారి ఇంకా పడలేదు. వాడి లారీకి చక్రాలు గుండ్రంగా వస్తున్నాయా? వస్తే వాడి వయసుకి తగ్గట్టే ఉన్నాడు.

చేతినొప్పి అబద్ధమూ కాకపోవచ్చు. చిన్నపిల్లలు ముందు పిడికిలితో పట్టుకుంటారు, తర్వాత వేళ్ళన్నీ కిందికి పెట్టి పట్టుకుంటారు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ కలిపి పట్టుకుని వేళ్ళని మాత్రమే కదపడం చాలామందికి నాలుగున్నర తర్వాతే కుదురుతుంది. అప్పటిదాకా రాస్తున్నది భుజమూ మోచెయ్యే. ఆ చేతితో సన్నటి గీతల మధ్య ఇరికించి రాయమంటే నొప్పి పుడుతుంది. అట్టపెట్టె మీద లారీ అయితే చెయ్యి ఎంత దూరమైనా పోవచ్చు కదా, అందుకే నొప్పి లేదు.

ఇంకో మాట. మణికట్టు ఎక్స్‌రే ఫోటో ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది, "ఎముకలే లేవు, రాయించకండి" అని. మణికట్టులోని 8 ఎముకలు మెత్తగా మొదలై ఒక్కొక్కటే గట్టిపడతాయి, ఆఖరిది బఠాణీ గింజంత ఉంటుంది, అది ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చాక గానీ గట్టిపడటం మొదలవదు. అంతవరకు నిజం. అలాగని తొమ్మిదేళ్ళదాకా రాయించొద్దని ఎవరూ అనరు, దాన్ని చూసి భయపడకండి.

గీయడం మాత్రం మాన్పించొద్దు. మాన్పిస్తే రాతకి కావలసిన అసలైన కసరత్తుని ఆపేసినట్టే.

లెక్కల నాన్న (మంగళవారం, ఉదయం 9:40)

మేడమ్, అయితే స్కూల్‌వాళ్ళకి ఇవేవీ తెలియవా? అందరూ కలిసి తప్పే చేస్తున్నారా?

అంగన్‌వాడీ అక్క (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

తెలియక కాదు సార్. నోటుబుక్కు ఖాళీగా ఉంటే మొట్టమొదట గొడవకొచ్చేది తల్లిదండ్రులే. "ఇంత ఫీజు కడితే ఒక్క పేజీ రాయించలేదు" అంటారు. మా సెంటర్‌కి ఫీజు లేకపోయినా నన్నూ అడుగుతారు, "పక్కూరు కాన్వెంట్‌లో ఏబీసీడీలు రాస్తున్నారు, నువ్వేమో మట్టిలో ఆడిస్తున్నావు" అని. 2020 జాతీయ విద్యావిధానంలో మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అన్నారు, ఆటలతోనే నేర్పాలన్నారు. మా ట్రైనింగులోనూ అదే. ఊళ్ళో చెప్పి ఒప్పించడం మాత్రం మా పని.

నేను చేసేది చెప్తాను. పిల్లలు బొమ్మ గీశాక "ఇదేంటి నాన్నా?" అని అడుగుతాను. ఏది చెప్తే అది బొమ్మ కిందే పెద్ద అక్షరాలతో వాళ్ళ ముందే రాస్తాను, రాస్తూ నెమ్మదిగా పలుకుతాను. మొన్నొకడు సున్నా చుట్టి దానికి నాలుగు కర్రలు పెట్టి "మా తాత ఎద్దుని తోలుకెల్తన్నాడు" అన్నాడు. అలాగే రాశాను. వాడు మర్నాడొచ్చి వేలు పెట్టి అదే వాక్యం "చదివాడు". అక్షరం ఒక్కటీ రాదు! కానీ తను అన్న మాట ఆ గీతల్లో ఉందని, అది రాత్రికి రాత్రి ఎక్కడికీ పోదని తెలిసిపోయింది వాడికి. రాయాలన్న ఆశ అక్కణ్ణుంచే పుడుతుందని నా అనుభవం.

శాన్ రామన్ అమ్మ (మంగళవారం, రాత్రి 8:10)

అక్కా, ఒక డౌటు. "తోలుకెల్తన్నాడు" అనే రాస్తారా, "తోలుకు వెళ్తున్నాడు" అని సరిచేసి రాస్తారా? పిల్లలకి తప్పు అలవాటైపోదూ?

అంగన్‌వాడీ అక్క (మంగళవారం, రాత్రి 9:00)

నేను వాడన్నట్టే రాస్తానండి. సరిచేసి రాస్తే వాడు చదివేటప్పుడు అది వాడి మాట కాకుండా పోతుంది. ఆ భాష తర్వాత పుస్తకాల్లో ఎలాగూ వస్తుంది.

పలకాబలపం (బుధవారం, ఉదయం 6:20)

నేను జగిత్యాల దగ్గర 30 ఏండ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరైన. సర్కారు బడిల ఒకటో తరగతంటే పంతుళ్ళు తప్పించుకుంటరు, నాకు మాత్రం అదే ఇష్టం.

థెరపిస్టు మేడం ఆకారాల వరస చెప్పిన్రు, దాన్ని పట్టుకుని తెలుగు దగ్గరికి వద్దాం. స్కూల్లల్ల మొదట "స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్" అని నెలలకు నెలలు గీయిస్తరు. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పనికొస్తది. మన అక్షరాలల్ల నిలువు గీత ఎక్కడున్నదమ్మా? అంతా వంపులే. పోరడు గుండ్రం గీస్తున్నడంటే తెలుగు అక్షరానికి సగం తయారైనట్టే. కాని వానికి ముందుగాల ఏమిస్తున్నం? అ. చుట్టాలె, లోపలికి మడవాలె, మళ్ళా బయటికి తియ్యాలె. అది కాంగనే ఇ, ఈ. ఋ సంగతి చెప్పనే వద్దు. వర్ణమాల వరస నోటికోసం పెట్టింది. క నుంచి మ దాకా గొంతుల మొదలై పెదవుల దాకా వస్తది, ఎంత ముద్దుగ పేర్చిన్రో. పాట లెక్క పాడియ్యండి, తప్పులేదు. చేతికి మాత్రం వేరే వరస కావాలె.

నేను ర తోని మొదలుపెడ్తుంటి. సున్నా చుట్టి నెత్తిమీద తలకట్టు పెడితే ర. అదే సున్నాల చుక్క పెడితే ఠ. తర్వాత గ, అదొక దర్వాజ లెక్క ఉంటది. వ వచ్చినంక దానికి కొమ్ము సాగదీస్తే మ. తలకట్టే లేనివి కొన్నున్నయి: ల, బ, ట, జ, ఖ, ణ. "వీళ్ళు టోపీ పెట్టుకోరు" అంటే పిల్లలు ఎన్నడు మరువరు. వ, ల రాంగనే "వల" అయిపాయె, పక్కన వల బొమ్మ గీయమంటే గళ్ళు గళ్ళు గీస్తరు, దాంట్ల చేప, చేప కండ్లు, ఇగ ఆగరు. అ కోసం డిసెంబరు దాక ఆగేటోన్ని, అప్పటికి ఒక్క పూటల వచ్చేది.

బలపం గురించి కూడ ఒక ముచ్చట. పొట్టి బలపం ముక్కను పిడికిలితోని పట్టుకోరాదు, మూడు వేళ్ళతోనే పట్టుకోవాలె. పలక గరుకు, చెయ్యి జారదు. తప్పు పోతే ఉమ్మితోని తుడుస్తరు (ఆ, తెలుసు తెలుసు, ఇప్పుడు తడిగుడ్డ ఇయ్యండి). రబ్బరుతోని కాయితం చిరిగే బాధ లేదు, ఎర్ర పెన్ను గుర్తు లేదు.

కిరాణాకొట్టు కోడలు (బుధవారం, ఉదయం 11:30)

మాస్టారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని రెండోసారి తనే చదువుకున్నారు.

ఒక భయం ఉంది. మావాడు బలపం తింటాడేమో? నేను చిన్నప్పుడు పెట్టెలకి పెట్టెలు తినేదాన్ని.

చిన్నచేతులు (బుధవారం, మధ్యాహ్నం 1:00)

రుచి చూస్తే పర్లేదండీ, అదే పనిగా తింటుంటే మాత్రం డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఐరన్ తక్కువైన పిల్లలు మట్టి, సుద్ద, బలపం తినడం మామూలే.

మాస్టారు చెప్పిన పొట్టి బలపం సూత్రమే క్రేయాన్‌కీ వర్తిస్తుంది. కొత్త పెట్టె కొనగానే మధ్యకి విరిచి ఇవ్వండి. అలాగే గోడమీద చార్టు అతికించి నిలబడి గీయనివ్వండి, అప్పుడు మణికట్టు తనంతట తనే వెనక్కి వంగి సరైన కోణంలో నిలుస్తుంది. వేళ్ళకి బలం రావడానికి వేరే బొమ్మలేవీ కొనక్కర్లేదు. చపాతీ పిండి ముద్ద, బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, బట్టల క్లిప్పులు, అంతే.

లెక్కల నాన్న (బుధవారం, రాత్రి 10:20)

సరే, నాకు నచ్చింది. కానీ నిన్న ఒకటి చదివాను, దాంతో ఇంకో సందేహం. 2012లో ఇండియానా యూనివర్సిటీలో కరిన్ జేమ్స్ అనే పరిశోధకురాలు ఇంకొకరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో కొన్ని అక్షరాలు చూసి సొంతంగా రాయించారు, కొన్ని గీతల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద కొట్టించారు. తర్వాత అవే అక్షరాలు చూపిస్తూ మెదడు స్కాన్ చేస్తే, సొంతంగా రాసిన వాటికే చదువుకి సంబంధించిన భాగాలు స్పందించాయట. దిద్దినవాటికి, టైపు కొట్టినవాటికి అలా లేదట. మరి మనం తరతరాలుగా చేసేది దిద్దుడే కదా? చుక్కల మీద దిద్దే పుస్తకాలు మా ఇంట్లోనే ఓ కట్ట ఉన్నాయి.

పలకాబలపం (గురువారం, ఉదయం 6:05)

మంచి ప్రశ్న వేసినవ్ బాబూ. వెనకట గుంట ఓనమాలని ఉండె. ఇసుకల గుంట పడేటట్టు పంతులు అక్షరం రాస్తే, దాంట్ల వేలు పెట్టి తిప్పేది. ఓనమాలన్న మాటే "ఓం నమః శివాయ" నుంచి వచ్చె. అక్షరం ఎటు మొదలై ఎటు పోతదో వేలుకు తెల్వాలె, దానికోసమే దిద్దుడు. ఇసుక చదును చేసినంక ఎవనిది వాడే రాయాలె. ఆ రెండోది మనం మరిచినం, మొదటిదే వందసార్లు చేపిస్తున్నం.

చిన్నచేతులు (గురువారం, ఉదయం 9:30)

మాస్టారి మాటకి చిన్న చేర్పు మాత్రమే. చుక్కల మీద దిద్దేటప్పుడు పిల్లవాడు అక్షరాన్ని చూడడు, తర్వాతి చుక్కని చూస్తాడు. అక్షరం మొత్తం మనసులో కట్టుకుని కాగితం మీద పెట్టడం వేరే పని. సొంతంగా రాస్తే ప్రతిసారీ కాస్త వేరుగా, వంకరగా వస్తుంది. ఆ వంకరలన్నీ చూసే వాడికి "ఏదైనా ర యే" అని అర్థమవుతుందని ఆ పరిశోధకుల ఊహ కూడా. మేము రెండుమూడుసార్లు వేలితో దిద్దించి, కాగితం తిప్పేసి, "ఇప్పుడు నువ్వు" అంటాం.

ఇసుక అక్షరాలకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. మాంటిస్సోరీ 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచారు. వాళ్ళ పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేళ్ళు తిప్పిస్తారు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధం అయ్యేదాకా మన దేశంలోనే ఉన్నారు. ఆ అక్షరాలని చూసినప్పుడల్లా నాకు మన గుంట ఓనమాలే గుర్తొస్తాయి.

ఎడమచేతివాటం (గురువారం, రాత్రి 9:45)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. అక్షరాభ్యాసం నాడు బియ్యం పళ్ళెంలో నేను ఎడమచెయ్యి పెట్టానని ఇంట్లో పెద్ద రభస జరిగిందట. ఒకటో క్లాసు దాకా కుడిచేత్తో రాయించారు. ఇప్పటికీ నా దస్తూరీ కోడి గెలికినట్టే ఉంటుంది, సంతకం బ్యాంకులో రెండోసారి ఎప్పుడూ కలవదు. మా పాపది కూడా ఎడమచెయ్యే. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఎవరైనా చెప్తారా?

చిన్నచేతులు (గురువారం, రాత్రి 10:10)

చెయ్యి మార్పించకండి, అదే మొదటి జాగ్రత్త. కాగితం పైభాగం కాస్త కుడివైపుకి వాలేలా పెట్టండి, పెన్సిల్ మొన నుంచి కొంచెం ఎత్తులో పట్టుకోమనండి, అప్పుడు తను రాసేది తనకి కనపడుతుంది, చెయ్యి రాసిన దాని మీద పాకదు. క్లాసులో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచర్‌కి చెప్పండి, పక్కపిల్ల మోచెయ్యి తగలకుండా.

శాన్ రామన్ అమ్మ (శుక్రవారం, ఉదయం 7:30)

ఇక్కడి సంగతి కూడా రాస్తాను. మా అబ్బాయి ఐదు నిండాక కిండర్‌గార్టెన్‌లో చేరాడు. కాలిఫోర్నియా వాళ్ళ సిలబస్‌లోనే ఉంది, కిండర్‌గార్టెన్ పిల్లలు "బొమ్మ గీసి, చెప్పి రాయించుకుని, తామే రాసి" ఈ మూడూ కలిపి విషయం చెప్పాలని. పేజీ పైసగం ఖాళీ, బొమ్మకి. కిందసగం గీతలు. మొదట్లో వాడు కింద ఒక్క అక్షరమే పెట్టేవాడు, డాగ్ అని చెప్పడానికి డి. టీచర్ దిద్దలేదు. నాకు ఒళ్ళు మండింది, నిజం చెప్తున్నా. మార్చి నాటికి వాడే విన్నది విన్నట్టు స్పెల్లింగ్ కట్టి మూడు వాక్యాలు రాశాడు, అన్నీ తప్పులే, కానీ చదివితే అర్థమవుతుంది. ఇంగ్లీషులో అంత ధైర్యంగా రాసేవాడు ఆదివారం తెలుగు క్లాసులో మాత్రం బిగుసుకుపోయేవాడు, ఎందుకంటే అక్కడ నేను పక్కన కూర్చుని ప్రతి గుడికీ దీర్ఘానికీ గీత కొడుతున్నాను. ఈ థ్రెడ్ చదువుతుంటే తెలుస్తోంది.

ముగ్గులపిండి (శుక్రవారం, సాయంత్రం 4:15)

మీరంతా పెద్దపెద్ద విషయాలు రాస్తున్నారు, బాగుంది. ఇంతకీ ఆ పిల్లాడెలా ఉన్నాడు? తెనాలి అమ్మాయి మాటే లేదు.

కిరాణాకొట్టు కోడలు (ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:20)

పిన్నిగారూ, ఉన్నాను. కొట్లో పండగ బేరాలు, తీరిక దొరకలేదు.

ముందు స్కూలు సంగతి. టీచర్‌ని కలిశాను, గొడవపడలేదు. ఆవిడ చిన్నమ్మాయే, గొంతు తగ్గించి "నాకూ ఇష్టం లేదు మేడమ్, కానీ నోటుబుక్కులు చెక్ చేస్తారు" అంది. చివరికి రెండు పేజీలు కాస్తా అరపేజీ అయ్యింది, ఆ అరపేజీ కూడా వాడికి వచ్చినంత వరకే. గెలిచామనను, ఎర్ర పెన్ను అయితే రావడం లేదు.

ఇంట్లో క్రేయాన్లన్నీ విరిచేశాను (వాడు ఏడ్చాడు, కొత్తవి విరిచానని). కొట్టు వెనక గోడకి అట్టలు మేకులు కొట్టి పెట్టాం. అంగన్‌వాడీ అక్క చెప్పినట్టు కింద మాటలు రాస్తున్నాను. మొన్నొక లారీ కింద "ఇది బెల్లం లారీ, డ్రైవర్ నిద్రపోతున్నాడు, అందుకే ఆగింది" అని రాయించుకున్నాడు.

అసలు చెప్పాల్సింది ఇది. మామయ్యగారి బాకీల ఖాతా పుస్తకంలో ఒక పేజీ నిండా అలలు అలలుగా గీతలు కనపడ్డాయి. ఎడమ నుంచి కుడికి, ఒకదాని కింద ఒకటి, ప్రతి వరస చివర ఒక సున్నా. ఎవరు పాడుచేశారని ఆయన కేకలేస్తుంటే మావాడు వచ్చి వేలు పెట్టి చదివాడు: "పాలావిడ, పంచదార, పది రూపాయలు. టైలర్ తాత, అగ్గిపెట్టె, పది రూపాయలు." అన్నిటికీ పది రూపాయలే. మా మామయ్య నోరు తెరుచుకు చూస్తుండిపోయారు. మర్నాడు వాడికి వేరే చిన్న ఖాతా పుస్తకం, చెవిలో పెట్టుకోవడానికి ఒక పెన్సిల్ ముక్క వచ్చాయి.

ఇక ర. ఇసుకలో, పలక మీద, పిండిలో అన్నీ అయ్యాయి. గురువారం వాడే ఒక అట్టముక్క మీద సున్నా చుట్టి తలకట్టు పెట్టాడు, కాకపోతే కింద పెట్టాడు. "రవ్వ" అన్నాడు. తీసుకెళ్ళి రవ్వ డబ్బాకి జిగురుతో అంటించాడు. తిప్పి అంటించనా అని నా చెయ్యి ఎంత లాగిందో, ఆపుకున్నాను. ఇవాళ ఒకావిడ వచ్చి "ఇదేమిటమ్మా, సున్నా కింద టిక్కు?" అంటే మా ఆయనే చెప్పారు, "రవ్వండీ" అని.

పలకాబలపం (ఆదివారం, రాత్రి 9:50)

తలకట్టు నెత్తికెక్కుతది, తొందరేం లేదు. ఇగ గ మొదలుపెట్టు బిడ్డా, మీ కొట్లో గసగసాలుంటయి కదా.

లెక్కల నాన్న (ఆదివారం, రాత్రి 10:30)

ఆ డబ్బా ఫోటో పెట్టండి. అలాగే చెక్క ఫ్రేము పలక ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వైజాగ్‌లో నాలుగు షాపులు తిరిగాను, అన్నిచోట్లా ప్లాస్టిక్‌వే ఇస్తున్నారు. మా రెండోవాడికి మూడు నిండాయి.

కిరాణాకొట్టు కోడలు (ఆదివారం, రాత్రి 10:34)

మా కొట్లో ఉన్నాయండీ, బలపాల పెట్టెతో సహా. పార్శిల్ చేస్తాను.